పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి

మనిషి ఎదురుపడితే కొందరు ముందు చెప్పులు చూస్తారు, కొందరు చేతి గడియారం చూస్తారు. పళ్ళాయన పళ్ళు చూస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా కట్టుడు పళ్ళు తయారుచేస్తూ బతుకుతున్న మనిషికి ఆ మాత్రం జబ్బు అంటుకోక తప్పదు. కాబోయే భార్యను మొదటిసారి కలిసిన రోజున ఆ అమ్మాయి కళ్ళు ఎలా ఉన్నాయో చూశాడో లేదో తెలియదు గానీ, స్నేహితుడి దగ్గరికి వెళ్ళి, "పై వరసలో నాలుగోది కాస్త లోపలికి తిరిగుందిరా. అయినా పళ్ళు కలిసే కాటు బ్రహ్మాండం" అన్నాడట. ఆ స్నేహితుడు ఊరుకుంటాడా, చేరవేయాల్సిన చోటికి చేరవేశాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో హెడ్డు నర్సు. పదహారేళ్ళుగా ఆ నాలుగో పన్ను పేరు చెప్పి ఆయన చేత గిన్నెలు తోమిస్తోంది.

పళ్ళ డాక్టరు వేరు, పళ్ళాయన వేరు. ఈ తేడా ఎవరైనా మరిచిపోతే ఆయనకు ఒళ్ళు మండుతుంది. డాక్టరు నోట్లో అచ్చు తీసి పంపించి చేతులు కడుక్కుంటాడు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసేదీ, మైనంలో పన్ను పక్కన పన్ను నిలబెట్టేదీ, గులాబీ రంగు చిగుళ్ళు పోసి ఉడకబెట్టేదీ, అరగదీసి మెరుగుపెట్టేదీ వెనక గదిలో ఏప్రాను కట్టుకుని కూర్చునే పళ్ళాయన. ఆ గది నిండా నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలే. ఒక్కో డబ్బాలో ఒక్కొక్కరి పళ్ళు, ఎండిపోకుండా తడి దూది చుట్టి ఉంటాయి.

ఆ వెనక గదికి ఒక చట్టం ఉండేది. కొత్త సెట్టు చేతికిచ్చిన రోజున పాత సెట్టు ఆయనకు అప్పజెప్పి వెళ్ళాలి. ఇరవై ఒక్క రోజుల తర్వాత వచ్చి తీసుకోవచ్చు. ఎందుకంటే కొత్త పళ్ళు మొదట్లో ఎవరికైనా గుచ్చుతాయి. పాతవి ఇంట్లో ఉన్నాయా, గుచ్చిన ప్రతిసారీ కొత్తవి తీసి పాతవి పెట్టుకుంటారు. ఇక కొత్తవి ఈ జన్మలో కుదరవు. "నా పళ్ళు నాకివ్వకపోవడానికి నువ్వెవరివయ్యా?" అని ఒంటికాలి మీద లేచినవాళ్ళు ఉన్నారు. ఒక రిటైర్డు జడ్జీగారు కేసు పెడతానన్నాడు, ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పళ్ళాయన దగ్గర ఆ పప్పులేవీ ఉడకలేదు. తమాషా ఏమిటంటే, ఇరవై రెండో రోజుకి చాలామంది పాత సెట్టు సంగతే మరిచిపోయేవాళ్ళు. డబ్బాలు అలమరలో అలాగే మిగిలిపోయేవి.

ఇదంతా అక్కడి మాట. అక్కడ అంటే ఆయన ఇరవై రెండేళ్ళు బతికిన దేశం. వరసలో పదకొండేళ్ళు నిలబడి శాశ్వత నివాస కార్డు సంపాదించుకున్న దేశం. కార్డు చేతికొచ్చిన రోజున దాన్ని ఎక్కడ దాచాలో తెలియక చివరికి ఒక నీలం డబ్బాలో పెట్టాడు. పళ్ళకంటే భద్రంగా దాచే వస్తువు లోకంలో ఇంకోటి లేదని ఆయన నమ్మకం. నాలుగేళ్ళ కిందట హెడ్డు నర్సుకు వేరే దేశంలో పెద్ద ఉద్యోగం వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలన్నారు. మంచాలు అమ్మి, మూటలు కట్టి, ఎనిమిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి పడ్డారు. పళ్ళాయనకు ఇక్కడా ఒక పెద్ద లాబ్‌లో పని దొరికింది. వెనక గది కాదు, ఆరో అంతస్తు. తలుపు తట్టి లోపలికొచ్చే ముసలివాళ్ళు లేరు. అచ్చులు పెట్టెల్లో వస్తాయి, పళ్ళు పెట్టెల్లో పోతాయి.

మనిషి వచ్చాడే గానీ మనసు సామాను ఇంకా విప్పలేదు. అద్దె ఇంట్లో నాలుగేళ్ళుగా ఒక్క మేకు కొట్టనివ్వలేదు. "గోడ పాడవుతుంది, ఎలాగూ ఉండబోయేది కొన్నాళ్ళేగా" అనేవాడు. పగలంతా డ్రిల్లు పట్టుకుని బతికే మనిషి ఇంట్లో డ్రిల్లు పేరెత్తితే ఉలిక్కిపడేవాడు. దాంతో ఫొటోలన్నీ గోడకు ఆనించి నేల మీద నిలబెట్టారు. గోడ గడియారం కూడా నేల మీదే, సోఫా పక్కన. టైము చూడాలంటే ఆ ఇంట్లో ఎవరైనా సరే నడుము వంచాలి. హెడ్డు నర్సు రోజూ డ్యూటీకి వెళ్ళేముందు వంగి చూసి, లేచి, నిట్టూర్చి వెళ్ళేది. ఇంటికొచ్చిన చుట్టాలు ఏదో పోయిందనుకుని వాళ్ళూ వంగి వెతికేవాళ్ళు.

ఇక్కడ ఏదైనా గుచ్చితే పళ్ళాయన చేసే పని ఒకటే. బస్సు డ్రైవరు రెండడుగుల దూరంలో ఉన్నవాణ్ణి చూసి కూడా ఆపకుండా పోనిచ్చాడనుకోండి. ఆఫీసులో ఎవరో మాటను మింగేసి మాట్లాడారనుకోండి. ఇంటికొచ్చి సొరుగు తెరిచి, నీలం డబ్బా మూత తీసి, తడి దూది విప్పి కార్డు చూసుకునేవాడు. కార్డుకు తడి దూది ఎందుకని అడక్కండి. ఆయన డబ్బాలో ఏం పెట్టినా తడి దూది చుట్టే పెడతాడు, చేతి అలవాటు. కార్డు మీద ఫొటోలో జుట్టు దట్టంగా ఉంటుంది. దాన్ని చూసుకుని, "అక్కడైతేనా!" అని మూత పెట్టేవాడు.

ఆ కార్డు బతికుండాలంటే ఏడాదికోసారి వెళ్ళి అక్కడి నేల తొక్కి రావాలి. అందుకని ఏటా మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళేవాడు. వెళ్ళి చేసే ఘనకార్యం ఏమీ లేదు. ఒకసారి పాత వీధిలో నడిచి, డ్రై క్లీనింగ్ షాపులో నాలుగేళ్ళుగా పడున్న తన కోటును అలాగే ఉంచమని చెప్పి, పాటల టీచరమ్మ ఇంట్లో టీ తాగి వచ్చేసేవాడు.

పాటల టీచరమ్మ గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు బడిలో పిల్లలకు పాటలు నేర్పి రిటైరైంది. అక్కడి లాబ్ వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. ఆవిడకు కొత్త సెట్టు ఇచ్చి పాతది గుంజుకున్న పదో రోజునే పళ్ళాయన సంసారం విమానం ఎక్కింది. పనిముట్ల పెట్టెలో పడి ఆవిడ పాత పళ్ళు కూడా దేశం దాటాయి. ఏటా ఆవిడ గుమ్మంలోనే అడిగేది, "నా పళ్ళేవి నాయనా?" అని. "అయ్యో, మరిచిపోయాను టీచరమ్మా! వచ్చే ఏడు తప్పకుండా" అనేవాడు. మరిచిపోవడమేమీ లేదు. ప్రతి ఏడూ పెట్టెలో పెట్టుకుని, మళ్ళీ తీసేసి వెళ్ళేవాడు. ఎందుకలా చేస్తున్నాడో ఆయనే ఎవరికీ చెప్పలేదు, నన్నడిగితే నేనేం చెప్పను.

ఇలా సాగిపోతుండగా ఇక్కడి ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. ఇక్కడ శాశ్వత నివాసం కావాలంటే ఇంకో దేశంలో ఉన్నది వదులుకున్నట్టు రుజువు చూపించాలి. వచ్చే నెలాఖరే గడువు. చూపించకపోతే భార్య ఉద్యోగం వల్ల ఆయనకు దొరికిన అనుమతి అయిపోతుంది. ఆ తర్వాత సొంత ఇంటికి ఆయన చుట్టమే, మూడు నెలలకోసారి దేశం వదిలి వెళ్ళి రావాలి. హెడ్డు నర్సు తన కార్డును రెండేళ్ళ కిందటే పోస్టులో పడేసి, అదే దారిలో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చింది. పళ్ళాయన మాత్రం అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

"అక్కడ నీకేముంది నాన్నా?" అని అడిగింది కూతురు. పన్నెండేళ్ళ పిల్ల, నోరు మాత్రం ముప్పై రెండేళ్ళది.

"ఏముందేమిటే! లైబ్రరీ కార్డుంది. వెనక గదిలో నా స్టూలుంది. కోటుంది."

"ఆ కోటు నీకిప్పుడు పట్టదు."

"పట్టకపోతే ఏం, ఉందా లేదా?"

హెడ్డు నర్సు కలగజేసుకోలేదు. రోగి మందు మింగనంటే ఆవిడ బతిమాలదు, గ్లాసు పక్కన పెట్టి నిలబడుతుంది. కార్డు వదులుకునే ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కన కలం పెట్టి, నిలబడింది. "నేను మన కాపురం ఇక్కడ పెట్టానని మీకు కోపముంటే చెప్పండి. కోపం లేకపోతే సంతకం పెట్టండి. నాలుగేళ్ళుగా సూట్‌కేసు పక్కన పడుకుని నిద్రపోతున్నాను, నాకు విసుగొచ్చింది" అంది. పళ్ళాయన ఆ నాలుగో పన్ను వైపు చూశాడు. సంతకం పెట్టాడు.

పెట్టాక తోచింది, ఇక ఏటా వెళ్ళేది లేదు కాబట్టి టీచరమ్మ పళ్ళు కూడా పంపించెయ్యాలని. రెండు నీలం డబ్బాలూ బల్ల మీద పెట్టుకున్నాడు. ఒకదాంట్లో కార్డు, ఒకదాంట్లో సెట్టు. చేతి అలవాటు కొద్దీ రెండింటికీ తడి దూది మార్చి, గలగలలాడకుండా బాగా కూరి, మూతలకు టేపు చుట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఏ డబ్బా చప్పుడు చెయ్యలేదు, పనితనానికి తనే మెచ్చుకున్నాడు. ఫారం పెట్టిన కవరులో ఒక డబ్బా, క్షమాపణ చీటీ పెట్టిన కవరులో ఇంకో డబ్బా వేసి, భార్య పోస్టు చేస్తానంటే, "నా చేతులతో నేనే వెయ్యాలి" అని గంభీరంగా చెప్పి వెళ్ళి వేసొచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు సరిగా తినలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో తెలిసింది. రోజుకు నాలుగుసార్లు సొరుగు తెరిచి, ఖాళీ చూసి మూసేవాడు.

ఎనిమిదో రోజున అక్కడి ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. కూతురు గట్టిగా చదివింది.

"తమరి దరఖాస్తు మరియు దానితో జతపరచిన వస్తువు మాకు అందినవి. సదరు వస్తువును (పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి, తడి దూది కొంత) పరిశీలించిన మీదట అది శాశ్వత నివాస కార్డు కాదని నిర్ధారించడమైనది. కట్టుడు పళ్ళను కార్డుకు బదులుగా స్వీకరించుటకు నిబంధనలు అనుమతించవు. నలభై దినములలోపు అసలు కార్డు దాఖలు చేయనిచో దరఖాస్తు రద్దగును. అంతవరకు సదరు వస్తువు మా కార్యాలయమందు భద్రముగా ఉండును."

హెడ్డు నర్సు కుర్చీలో కూలబడింది. ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పళ్ళాయన మాత్రం నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత హుషారుగా లేచి నిలబడ్డాడు.

"చూశారా! వద్దని సూచన ఇది. వదులుకోవద్దని పైవాడే చెయ్యి అడ్డం పెట్టాడు."

"పైవాడు కాదు, మీ తడి దూది" అంది భార్య, ఎక్కిళ్ళ మధ్య.

ఆవిడ మంచినీళ్ళకోసం వంటింట్లోకి వెళ్ళగానే ఫోను మోగింది. టీచరమ్మ వీడియోలో ఉంది. ఒక చేత్తో కార్డును తడి దూదితో సహా కెమెరా ముందు పెట్టింది.

"ఏం నాయనా, నా పళ్ళు పంపించమంటే నీ మొహం పంపించావేం?"

"పొరపాటైంది టీచరమ్మా. మీవి ఆఫీసుకు వెళ్ళాయి."

"ఆఫీసుకా? నేను రిటైరై పద్నాలుగేళ్ళయింది. నా పళ్ళకు ఇప్పుడు ఉద్యోగమేమిటి?"

పళ్ళాయన సంగతంతా చెప్పాడు. ఆఖర్న గొంతు తగ్గించి, "ఆ కార్డు నాకు తిరిగి పంపించెయ్యండి. రేపే. దరఖాస్తు రద్దయితే అవనివ్వండి" అన్నాడు. వంటింట్లో ఎక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి.

టీచరమ్మ కార్డు దించి ఆయన్ని చూసింది. "అక్కడికెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

"కుదిరిందా?"

"ఎక్కడ కుదిరింది టీచరమ్మా! రోజూ ఏదో ఒకటి గుచ్చుతూనే ఉంటుంది."

"గుచ్చినప్పుడు ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, ఆ కార్డు తీసి చూసుకుం..." అని పళ్ళాయన ఆగిపోయాడు. తన మాట తన చెవినే పడింది.

టీచరమ్మ పై పళ్ళతో కింది పళ్ళను టక్కుమనిపించింది. క్లాసులో బల్ల మీద బెత్తం కొట్టినట్టుంది. "ఇరవై ఒక్క రోజులు" అంది.

"టీచరమ్మా!"

"ఏడ్చినా ఇవ్వను. నేనేడిస్తే నువ్విచ్చావా? ఇరవై ఒకటో రోజున నేనే ఫోను చేస్తాను. అప్పుడు పంపించమంటే పంపిస్తాను, ఆఫీసులో ఇమ్మంటే ఇస్తాను. ఈలోగా ఊసెత్తితే ఇంకో మూడు రోజులు పెంచుతాను."

ఫోను పెట్టేసింది. హెడ్డు నర్సు వంటింట్లోంచి వచ్చి కాలెండరు ముందు వంగి (అదీ నేల మీదే) లెక్క చూసింది. ఇరవై ఒక్క రోజులు పోయినా ఇక్కడి గడువుకు ఇంకా వారం మిగులుతుంది. ఆ రోజు గిన్నెలు మాత్రం తనే తోముకుంది, అది చూసే పళ్ళాయనకు భయమేసింది.

మొదటి మూడు రోజులూ నరకం. చెయ్యి దానంతటది సొరుగు మీదికి పోయేది. నాలుగో రోజున బస్సు మళ్ళీ ఆపకుండా పోయింది. ఇంటికొచ్చి చూసుకోవడానికి ఏమీ లేక, పనిముట్ల పెట్టెలోంచి ఒక ఖాళీ నీలం డబ్బా తెచ్చి, మూత తీసి అందులోకి "అక్కడైతేనా!" అన్నాడు. డబ్బాలోంచి మాట బోలుగా తిరిగొచ్చింది. కూతురు చూసి, "అమ్మా, నాన్న డబ్బాతో మాట్లాడుతున్నాడు" అని అరిచింది.

ఐదో రోజున టీచరమ్మకు ఫోను చేశాడు. "ఒక్కరోజు ఇవ్వండి, చూసి మళ్ళీ పంపించేస్తాను" అన్నాడు. "ఒక్కరోజు అన్నవాళ్ళెవరైనా తిరిగిచ్చారా నాయనా?" అందావిడ. ఆరో రోజున, "ఆఫీసులో ఒక ముఖ్యమైన పనికి కావాలి" అన్నాడు. "నేనూ అప్పుడు పాత పళ్ళకోసం కచేరీ ఉందని అబద్ధం చెప్పాను, నువ్వు నమ్మావా?" అందావిడ. మూడు రోజులు పెంచుతానని మళ్ళీ బెదిరించింది. పళ్ళాయన నోరు మూసుకున్నాడు. తన మాటలు తనకే వడ్డిస్తుంటే ఎదురు చెప్పడానికి ఏముంటుంది?

తొమ్మిదో రోజు సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. నాలుగేళ్ళలో ఆ తలుపును అద్దెకోసం వచ్చే మనిషి, ఎప్పుడో ఒకసారి చుట్టాలు తప్ప ఎవరూ తట్టలేదు. తీసి చూస్తే బస్సు డ్రైవరు. ఆపకుండా పోనిచ్చే డ్రైవరే! కింది అంతస్తులో ఉంటాడని పళ్ళాయనకు ఆ క్షణం దాకా తెలియదు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, "మీ అమ్మాయి చెప్పింది, మీరు పళ్ళు బాగుచేస్తారట కదండీ" అని రెండో చెయ్యి చాపాడు. అరచేతిలో పై సెట్టు, నడిమికి రెండు ముక్కలు.

పళ్ళాయన ముక్కల్ని కాదు, డ్రైవరు మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. బస్సు ఆగిన రోజుల్లో ఈ మనిషి ముందునుంచే కదా ఎక్కేది? ఆ నోట్లో ఉన్నది కట్టుడు సెట్టని ఒక్కసారైనా కనిపెట్టలేదే! ఆలోచిస్తే ఇంకా సిగ్గేసింది. లాబ్‌లో పక్క బల్ల మనిషి పళ్ళెలా ఉంటాయో తెలియదు. కూరగాయల కొట్టావిడవీ తెలియదు. అక్కడ వీధి వీధంతా ఎవరి నోట్లో ఏ పన్ను కదులుతోందో చెప్పగలిగిన మనిషి, ఇక్కడ నాలుగేళ్ళుగా ఎవరి నోటి వంకా చూడలేదు.

వంటింటి బల్ల మీదే పని మొదలుపెట్టాడు. పనిముట్ల పెట్టె తెరిచి, ముక్కలు కలిపి, చిగుళ్ళకు వాడే గులాబీ రంగు పొడితో అతుకు వేస్తుంటే కూతురు లైటు పట్టుకుంది. "రెండడుగుల్లో ఉన్నవాణ్ణి వదిలేసి బస్సు పోనిస్తారెందుకండీ?" అని ఊరుకోలేక అడిగాడు. డ్రైవరు బోసి నోటితో నిజాయితీగా చెప్పాడు. "మీరెప్పుడూ వెనక్కి చూస్తూ నిలబడతారండీ. ఎక్కేవాళ్ళు కాదేమో, ఎవరికోసమో చూస్తున్నారేమో అనుకునేవాణ్ణి."

హెడ్డు నర్సు కిసుక్కున నవ్వింది. పళ్ళాయనకు పౌరుషం పొడుచుకొచ్చి, ఆ అతుకును అవసరమైనదానికంటే ఎక్కువసేపు అరగదీశాడు.

మర్నాటి నుంచి బస్సు రోజూ ఆగడం మొదలుపెట్టింది. ఆగడమే కాదు, ఆయన కనపడకపోతే అరనిమిషం హారను కొట్టేది. డ్రైవరు ఊరుకున్నాడా, బస్సులో ముసలివాళ్ళందరికీ చెప్పాడు. పదమూడో రోజుకి ఇద్దరు, పదహారో రోజుకి ఐదుగురు తలుపు తట్టారు. ఒకాయనది గుచ్చుతోంది, ఒకావిడది జారుతోంది. ఇంకొకాయనకు అసలేమీ కాలేదు, ఊసుపోక వచ్చాడు. చిన్నచిన్నవి అక్కడే సరిచేసి, పెద్దవాటికి డాక్టరు దగ్గరికి పొమ్మని తిట్టి పంపించాడు. ఒకావిడ కొత్త సెట్టు పక్కనపెట్టి పాతది వాడుతోందని తెలిసి పాతది గుంజుకున్నాడు. ఖాళీగా ఉన్న నీలం డబ్బాలో తడి దూది వేసి దాన్ని సొరుగులో పెట్టాడు. ఆ సొరుగు తెరవడం ఆయనకు తర్వాత గుర్తురాలేదు.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటుండగా ఫోను మోగింది.

"ఏమంటావు నాయనా?" అంది టీచరమ్మ.

"దేని గురించి టీచరమ్మా?"

"ఇవాళ ఇరవై ఒకటో రోజు."

పళ్ళాయన నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. వెనక గది అలమరలో ఎవరూ తీసుకెళ్ళకుండా మిగిలిపోయిన డబ్బాలన్నీ కళ్ళముందు కదిలాయి. ఆయనకు సంతోషం కలగలేదు. ఎవరో తనకు తెలియకుండా తన జేబులోంచి ఏదో తీసేసినట్టు దుఃఖం వచ్చింది. పదకొండేళ్ళు వరసలో నిలబడిన కార్డు, దాన్ని మరిచిపోవడానికి ఇరవై ఒక్క రోజులు కూడా పట్టలేదు. నోరు పుక్కిలించి, తుడుచుకుని, "ఇచ్చెయ్యండి టీచరమ్మా" అన్నాడు. "మీ పళ్ళు తీసుకుని, కార్డు ఇచ్చెయ్యండి." తలుపు దగ్గర నిలబడి వింటున్న భార్య వెనక్కి వెళ్ళిపోయింది.

టీచరమ్మ గంటలో ఆఫీసుకు చేరి, కౌంటరు ముందు నిలబడి, వీడియో పెట్టింది. పళ్ళాయన లాబ్‌కు సెలవు పెట్టి సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. ఫోనులో కౌంటరు అమ్మాయి చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి కార్డు తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది, దబ్బుమని ముద్ర వేసింది. అంతే. పదకొండేళ్ళ వరస ఒక్క ముద్రతో అయిపోయింది. ఆ తర్వాత అదే చెయ్యి నీలం డబ్బా బయటికి తోసి, "వస్తువు మీదేనని సంతకం పెట్టండి" అంది.

"నాదో కాదో చూసుకోవద్దూ?" అని టీచరమ్మ అక్కడికక్కడే కొత్త సెట్టు తీసి రుమాల్లో పెట్టి, పాతది నోట్లో పెట్టుకుంది. వరసలో వెనక నిలబడ్డవాళ్ళు తల తిప్పుకున్నారు.

పళ్ళాయన వృత్తి ధర్మం కొద్దీ ముందుకు వంగాడు. "గట్టిగా కొరకండి. ఎలా ఉంది?"

ఆవిడ కొరికింది. దవడ అటు జరిపింది, ఇటు జరిపింది. ఏదో పాట ఎత్తుకోబోతే పై సెట్టు ఊడి కింది సెట్టు మీద పడింది. బయటికి తీసి, వింతగా చూసింది.

"కుదరలేదు నాయనా. నా నోరేనా ఇది అనిపిస్తోంది. దీనికోసమా నాలుగేళ్ళు నీ ప్రాణం తీశాను!"

"సెట్టు అలాగే ఉంది టీచరమ్మా. మీ చిగుళ్ళు మారిపోయాయి."

"కుదరదని నీకు ముందే తెలుసా?"

"రెండో ఏడే తెలుసు."

"మరి దాచావెందుకు? పారెయ్యలేకపోయావా?"

"అది ఇచ్చేస్తే మీ ఇంటికి రావడానికి నాకింకో పని లేదు కదా టీచరమ్మా."

టీచరమ్మ రుమాలుతో పళ్ళు తుడిచింది. "పిచ్చి సన్నాసీ" అంది, బోసి నోటితో. "మనిషింటికి రావడానికి పనెందుకురా?" ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని 'రా' అనడం అదే మొదలు. "ఈ కొత్తది కూడా వదులవుతోంది. మళ్ళీ అచ్చు తియ్యాలి. ఎప్పుడొస్తావు?"

"ఇకనుంచి నేను చూడవచ్చినవాళ్ళ వరసలో నిలబడి రావాలి."

"ఏ వరసలో అయితే ఏం, అచ్చు పొడి తెచ్చుకో. ఇక్కడిది నాకు పడదు. వచ్చినప్పుడు ఆ కోటు కూడా తీసుకుపో, డ్రై క్లీనింగతను నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు."

"తర్వాతివారు!" అని కౌంటరు అమ్మాయి అరిచింది. ఫోను ఆగిపోయింది.

పళ్ళాయన కాసేపు ఏడ్చాడు. ఏడుపు అయ్యాక లేచి కింది అంతస్తుకు వెళ్ళి డ్రైవరును సుత్తి అడిగి తెచ్చాడు. బడినుంచి వచ్చిన కూతురు నోరు వెళ్ళబెట్టి చూస్తుండగా సోఫా పైన గోడకు మేకు కొట్టాడు. పళ్ళ పనిలో చెయ్యి తిరిగిన మనిషే గానీ గోడ పనిలో కాదు. రెండు చోట్ల పెచ్చు ఊడింది. గడియారం తగిలించాక దూరం జరిగి చూశాడు.

"వంకరగా ఉంది నాన్నా."

"ఇరవై ఒక్క రోజులు ఆగు. అప్పటికీ గుచ్చితే చెప్పు."

సాయంత్రం డ్యూటీకి బయల్దేరిన హెడ్డు నర్సు బ్యాగు భుజాన వేసుకుని, అలవాటుగా సోఫా పక్కన నడుము వంచింది. అక్కడ గడియారం లేదు. మెల్లగా తలెత్తి గోడ వైపు చూసింది, మేకు చూసింది, ఊడిన పెచ్చు చూసింది. ఎంతసేపు చూసిందో ఏమో, ఆ రోజు ఆసుపత్రికి పావుగంట ఆలస్యంగా వెళ్ళింది.